తీపి గోలీలు – చేదు మందు

శామీర్‌పేట చెరువుకు దగ్గరలో ఒక ఊరు. సాయంత్రం ఏడు గంటలైతే ఆ ఊరి ఆడవాళ్ళు పుస్తకాలు పట్టుకుని చదువుల కేంద్రానికి వస్తారు. అందరికంటే ముందు వచ్చేది పెద్దక్క. ఆమె అసలు పేరు వేరే ఉంది. కానీ ఊరంతా పెద్దక్క అనే పిలుస్తారు. వయసు యాభై దాటింది. ద్రాక్ష తోటల్లో కూలి చేసి పిల్లలను పెంచింది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. సంతకం పెడుతుంది. ఆమెతోపాటు కోడలు కూడా వస్తుంది.

రెండు వారాలుగా పెద్దక్క రావడం లేదు. గురువారం నాడు కోడలు ఒక్కతే వచ్చింది. చేతిలో ఒక ఫైలు, ఒక కాగితం, తన నోటుబుక్కు ఉన్నాయి. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఏందే, అత్తమ్మకు ఎట్లున్నది?" అని పక్కింటి వదిన అడిగింది.

"సోమవారం కీమోకు పోవాలె వదినా. అత్తమ్మ పోనంటున్నది. చచ్చినా ఆ సెలైన్ ఎక్కించుకోనంటున్నది" అని కోడలు చెప్పింది.

పెద్దక్కకు రొమ్ములో గడ్డ లేచింది. నొప్పి లేదు కదా అని చాలా రోజులు ఊరుకుంది. పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. పట్నంలో ఆపరేషన్ చేశారు. తర్వాత ఆరుసార్లు కీమో ఎక్కించాలని డాక్టర్లు చెప్పారు. 21 రోజులకు ఒకసారి. రెండు అయ్యాయి. ప్రతిసారీ వాంతులు. నోట్లో పుండ్లు. జుట్టంతా ఊడిపోయింది. తలమీద కొంగు తీయాలంటే సిగ్గు. అందుకే కేంద్రానికి కూడా రావడం మానేసింది.

రెండో కీమో అయిన మూడో రోజున మరిది వచ్చాడు. మేడ్చల్‌లో ఎవరో ఇచ్చారని చిన్న సీసా, ఒక కాగితం తెచ్చాడు. సీసాలో తెల్లటి తీపి గోలీలు ఉన్నాయి. రెండు రోజులు వేసుకుంది. వాంతులు తగ్గాయి.

"చూసినవా? తీపి గోలీలతోనే తగ్గింది. ఆ చేదు మందు నాకెందుకు?" అని పెద్దక్క పట్టుపట్టింది.

కాగితం చదివారు

ఆడవాళ్ళంతా ఆ కాగితం చుట్టూ కూర్చున్నారు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివారు.

"కోత లేదు. కీమో లేదు. కరెంటు లేదు. గోలీలతో క్యాన్సర్ మాయం. గ్యారంటీ."

"గ్యారంటీ అని రాసిండ్రు. ఇచ్చినాయన పేరు రాయలేదు. ఏం చదివిండో రాయలేదు" అని పక్కింటి వదిన అన్నది.

"అయినా వాంతులు తగ్గినయి కదా?" అని ఒక అవ్వ అడిగింది.

కోడలు తన నోటుబుక్కు తెరిచింది. రాత నేర్చుకున్నప్పటి నుంచి ఆమె ఇంటి లెక్కలు రాస్తున్నది. అత్తమ్మ సంగతి కూడా రాసింది. మొదటి కీమో అయిన తర్వాత ఆమె రాసుకున్న మాటలు ఇవి: "మూడో రోజు ఐదు వాంతులు. నాలుగో రోజు రెండు. ఐదో రోజు లేవు. గంజి తాగింది."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదటిసారి గోలీలు లేవు. అయినా ఐదో రోజుకు వాంతులు తగ్గాయి. రెండోసారి గోలీలు వేసుకుంది. అప్పుడు కూడా ఐదో రోజుకే తగ్గాయి.

"అయితే గోలీతోని తగ్గిందో, దానంతటదే తగ్గిందో ఎట్ల తెలుస్తది?" అని అవ్వ అడిగింది.

అది మంచి ప్రశ్న. మరుసటి రోజు పక్కింటి వదిన, కోడలు కలిసి పెద్దక్కను ఆటోలో ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోయారు. సీసా, కాగితం, ఫైలు, నోటుబుక్కు అన్నీ వెంట తీసుకున్నారు.

డాక్టరమ్మ చెప్పిన మాటలు

డాక్టరమ్మ పెద్దక్కను కోప్పడలేదు. కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె బాధంతా విన్నది. తర్వాత సీసా చేతిలోకి తీసుకుంది.

"ఇది హోమియో మందు. దీని సంగతి చెప్త విను పెద్దమ్మా" అన్నది.

హోమియో వైద్యం జర్మనీ దేశంలో పుట్టింది. హానిమన్ అనే డాక్టరు 1796లో ఈ పద్ధతి గురించి మొదట రాశాడు. ఆయన ఆలోచన ఇది: ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఏ వస్తువు ఏ బాధ తెస్తుందో, అదే వస్తువు చాలా కొంచెం ఇస్తే రోగికి ఆ బాధ తగ్గుతుంది. ఉల్లిగడ్డ కోస్తే కంట్లో, ముక్కులో నీళ్ళు కారతాయి. అందుకని జలుబుకు ఉల్లిగడ్డతో చేసిన మందు ఇస్తారు.

ఆ కాలంలో డాక్టర్లు రోగుల రక్తం తీసేవాళ్ళు. పాదరసం మింగించేవాళ్ళు. ఆ వైద్యంతో కొందరు ఇంకా నీరసించేవాళ్ళు. హానిమన్ మందు అలాంటి హాని చేయలేదు. అందుకే చాలామందికి అది నచ్చింది.

మన హైదరాబాద్‌లోనూ హోమియోకు పేరుంది. రామంతాపూర్‌లో ప్రభుత్వ హోమియో కాలేజీ, ఆస్పత్రి ఉన్నాయి. దానికి జయసూర్య, పొట్టి శ్రీరాములు ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. డాక్టర్ జయసూర్య సరోజినీ నాయుడి కొడుకు. 1952లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాడు.

"మరి ఈ గోలీల ఏముంటది డాక్టరమ్మా?" అని పక్కింటి వదిన అడిగింది.

పదివేల ట్యాంకర్లలో ఒక్క చుక్క

డాక్టరమ్మ ఇలా వివరించింది.

ఒక చుక్క మందు తీసుకుంటారు. దాన్ని 99 చుక్కల నీళ్ళలో గాని, సారాయి లాంటి ద్రవంలో గాని కలుపుతారు. బాగా కుదుపుతారు. అందులోంచి ఒక చుక్క తీసి మళ్ళీ 99 చుక్కలలో కలుపుతారు. ఇలా చాలాసార్లు చేస్తారు. చివరికి ఆ ద్రవాన్ని చక్కెర గోలీల మీద పోస్తారు.

ఆరుసార్లు ఇలా కలిపితే ఏమవుతుంది? ఒక్క చుక్క మందు ఐదు కోట్ల లీటర్ల నీళ్ళలో కలిసినట్టు. మన గల్లీకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు పదివేలు నింపితే అన్ని నీళ్ళు అవుతాయి. సీసా మీద 30 అని ఉంటే ముప్పైసార్లు కలిపారని అర్థం. అందులో అసలు మందు ఒక్క రేణువు కూడా మిగలదు. మిగిలేది చక్కెర.

పెద్దక్క నోరు తెరిచి విన్నది.

"మరి తగ్గిందని అందరూ అంటరు కదమ్మా?" అన్నది.

"కొన్ని బాధలు వాటంతట అవే తగ్గుతయి. నీ కోడలు రాసిన లెక్కల అదే ఉన్నది. ఇంకో సంగతి. హోమియో డాక్టరు రోగిని చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడుతడు. నిద్ర పడుతుందా, బెంగ ఉందా అని అడుగుతడు. బాధ వినే మనిషి దొరికితే మనసుకు ధైర్యం వస్తది. ఆ ధైర్యం మంచిదే. కానీ దానితోని క్యాన్సర్ గడ్డ కరగదు."

పరీక్షలు ఏం చెప్పాయి?

హోమియో మందులు పనిచేస్తాయా అని చాలా దేశాలలో పరీక్షలు చేశారు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఆ పరీక్షలన్నీ కలిపి చూసింది. ఏ రోగానికీ హోమియో పనిచేస్తుందనే నమ్మదగిన రుజువు దొరకలేదని చెప్పింది.

క్యాన్సర్ చికిత్స వల్ల వచ్చే బాధల మీద కూడా పరీక్షలు జరిగాయి. 2009లో ఇలాంటి 8 పరీక్షలను నిపుణులు ఒకచోట చేర్చి చూశారు. రెండింటి గురించి మాత్రమే కొంత ఆశ ఉందన్నారు. ఒకటి నోటి పుండ్లకు పుక్కిలించే మందు. రెండోది కరెంటు పెట్టినచోట కమిలిన చర్మానికి రాసే కాలెండులా పూత. కాలెండులా అంటే బంతిపువ్వు లాంటి ఒక పువ్వు. కరెంటు పెట్టడం అంటే రేడియేషన్ చికిత్స.

2004లో ఫ్రాన్స్‌లో 254 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు పరీక్ష చేశారు. వేరే పూత రాసినవాళ్ళలో నూటికి 63 మందికి చర్మం బాగా కమిలింది. కాలెండులా రాసినవాళ్ళలో నూటికి 41 మందికే అలా అయింది. అయితే ఒక సంగతి గమనించాలి. ఆ పూతలో నిజంగానే పువ్వు సారం ఉంది. అది ట్యాంకర్లలో కలిపిన చుక్క కాదు. 2013లో స్వీడన్‌లో మళ్ళీ పరీక్ష చేస్తే, కాలెండులాకు మామూలు క్రీముకు తేడా కనిపించలేదు. నోటి మందుతో పిల్లల మీద 2012లో చేసిన పరీక్షలోనూ లాభం తేలలేదు.

అంటే ఇలాంటి పూతల గురించి ఇంకా గట్టిగా చెప్పలేరు. క్యాన్సర్‌ను నయం చేస్తుందని మాత్రం ఏ హోమియో మందూ రుజువు చేసుకోలేదు.

అసలు చికిత్స వదిలేస్తే ఏమవుతుంది? దానికీ లెక్క ఉంది. క్యాన్సర్ వైద్యం వద్దని వేరే వైద్యాలనే నమ్ముకున్న 281 మంది సంగతి అమెరికాలో చూశారు. ఆ లెక్క 2018లో అచ్చయింది. చికిత్స చేయించుకున్నవాళ్ళ కంటే వాళ్ళకు చావు ప్రమాదం రెండున్నర రెట్లు ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్ల కంటే ఎక్కువ ఉంది.

ఈ మాట విని కోడలు అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

మూడు షరతులు

"అయితే ఈ గోలీలు పారెయ్యాల్నా?" అని పెద్దక్క అడిగింది.

"వేసుకుంటే నీకు ధైర్యంగా ఉంటే వేసుకో పెద్దమ్మా. వద్దని నేను కొట్లాడ. కానీ మూడు షరతులు" అని డాక్టరమ్మ చెప్పింది.

ఒకటి. కీమో తేదీ తప్పకూడదు. కీమోకు బదులుగా ఏ గోలీ వేసుకోకూడదు.

రెండు. ఏం వేసుకుంటున్నావో క్యాన్సర్ డాక్టరుకు చూపించాలి. చక్కెర గోలీలే కాదు. చుక్కల మందులు, పొడులు, భస్మాలు, ఆకు పసర్లు అన్నీ చూపించాలి. కొన్ని చుక్కల మందులలో మొక్కల సారం, సారాయి నిజంగానే ఉంటాయి. కొన్ని నాటు మందులు కాలేయాన్ని పాడు చేస్తాయి. కీమో మందుతో కలిస్తే ప్రమాదం కావచ్చు.

మూడు. జ్వరం వస్తే, రక్తం కారితే, ఆయాసం వస్తే గోలీ వేసుకుని ఇంట్లో కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

తర్వాత డాక్టరమ్మ మరిది తెచ్చిన కాగితం చూసింది. "క్యాన్సర్ నయం చేస్తమని ఇట్ల ప్రచారం చేసుడు నేరం. 1954 నుంచే దానికి చట్టం ఉన్నది. గ్యారంటీ అని రాసినోళ్ళను నమ్మొద్దు" అన్నది.

హోమియో వైద్యానికి కూడా మన దేశంలో 1973లో చట్టం వచ్చింది. చదివి పట్టా పొందినవాళ్ళే ఆ వైద్యం చేయాలి.

బాధలకు మందులున్నాయి

పెద్దక్క చిన్నగా అన్నది. "క్యాన్సర్‌కు భయపడతలేను బిడ్డా. ఆ వాంతులకే భయం."

"ఆ సంగతి అక్కడి డాక్టర్లకు చెప్పినవా?"

"లేదు. కోప్పడ్తరేమో అని చెప్పలేదు."

చాలామంది అక్కలు ఇలాగే చేస్తారు. బాధ చెప్పరు. చికిత్స వదిలేస్తారు. కానీ ఆ బాధలకు కూడా మందులున్నాయి.

వాంతులకు: కీమోకు ముందే వాంతుల మందు ఇస్తారు. ఇంటికి మాత్రలు కూడా రాసిస్తారు. ఒక మందుతో తగ్గకపోతే ఇంకో మందు ఉంది. ఒకేసారి ఎక్కువ తినకుండా కొంచెం కొంచెం తినాలి.

నోటి పుండ్లకు: ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా తినే సోడా కలపాలి. రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మాలి. కారం, వక్క, పొగాకు మానాలి.

జుట్టుకు: కీమో అయిపోయిన కొన్ని నెలలకు జుట్టు మళ్ళీ వస్తుంది.

కరెంటు పెట్టిన చర్మానికి: రుద్దకూడదు. మెత్తటి నూలు బట్టలు వేసుకోవాలి. డాక్టరును అడగకుండా పసుపు గాని, ఏ పూత గాని రాయకూడదు.

నొప్పికి: గట్టి నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నాయి. డాక్టరు చెప్పినట్టు వాడితే హాయిగా నిద్ర పడుతుంది. ఈ మందు రోగులకు తేలికగా అందాలని 2014లో చట్టం కూడా మార్చారు.

జ్వరానికి: కీమో వల్ల రక్తంలో తెల్ల కణాలు తగ్గుతాయి. ఇవి రోగాలతో పోరాడే కణాలు. కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య ఇవి బాగా తక్కువగా ఉంటాయి. అప్పుడు చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తేవచ్చు. థర్మామీటరు 100.4 చూపిస్తే రాత్రయినా ఆగకూడదు.

కోడలు ఆ అంకెను నోటుబుక్కులో పెద్దగా రాసుకుంది. 100.4.

ఆ రాత్రి

సోమవారం తెల్లవారుజామున పెద్దక్క, కోడలు జూబ్లీ బస్టాండుకు బస్సు ఎక్కారు. ఈసారి పెద్దక్క తన బాధంతా క్యాన్సర్ డాక్టరుకు చెప్పింది. సీసా కూడా చూపించింది. ఆయన వాంతుల మందు మార్చి ఇచ్చాడు. మూడో కీమో అయింది. ఈసారి ఒక్కరోజే వాంతులయ్యాయి.

పదో రోజు రాత్రి పెద్దక్కకు వణుకు వచ్చింది. ఒళ్ళు కాలింది.

"పొద్దుగాల చూద్దాం. గోలీలు వేస్తే తగ్గుతది" అని మరిది అన్నాడు.

కోడలు థర్మామీటరు పెట్టింది. లైటు కింద పట్టుకుని చదివింది. 101.2. నోటుబుక్కు తీసి చూసింది. 100.4.

"పొద్దుగాల కాదు మామా. ఇప్పుడే పోవాలె" అన్నది. 108కి ఫోను చేసింది.

ఆస్పత్రిలో రక్త పరీక్ష చేశారు. తెల్ల కణాలు బాగా తగ్గిపోయాయి. వెంటనే సూదిమందులు మొదలుపెట్టారు. ఐదు రోజులు ఉంచుకుని ఇంటికి పంపారు. "తెల్లారేదాక ఆగితే కష్టమయ్యేది" అని అక్కడి డాక్టరు చెప్పాడు.

ఆ మాట విన్న తర్వాత మరిది గోలీల సంగతి ఎత్తలేదు. తర్వాతి కీమోకు ఆయనే తోడు వచ్చాడు.

ఇప్పటికి పెద్దక్కకు నాలుగు కీమోలు అయ్యాయి. ఇంకా రెండు ఉన్నాయి. తర్వాత కరెంటు పెట్టాలి. రోగం మళ్ళీ రాదని ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. కానీ చికిత్స ఆగలేదు. పోయిన బుధవారం ఆమె తలకు రుమాలు కట్టుకుని కేంద్రానికి వచ్చింది. అందరూ జరిగి చోటిచ్చారు. చక్కెర గోలీల సీసా ఇంట్లో గూట్లో ఉంది. ఒక్కోసారి మనవడు అడిగితే, "అది మందురా, ముట్టొద్దు" అంటుంది.

గుర్తుంచుకోండి

రొమ్ములో గడ్డ ఉంటే నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి గుంట పడినా చూపించుకోవాలి. ముట్టు ఆగిపోయిన తర్వాత మళ్ళీ రక్తం కనిపిస్తే, వాసనతో తెల్లబట్ట అయితే గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి.

హైదరాబాద్‌లో లకడీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇది ప్రభుత్వ ఆస్పత్రి. 1955లో మొదలైంది. మెహదీ నవాజ్ జంగ్ పేరు దీనికి పెట్టారు. నొప్పి తగ్గించే వైద్యం కూడా అక్కడ ఉంది.

ఆరోగ్యశ్రీ పథకం 2007లో వచ్చింది. ఆపరేషన్, కీమో, కరెంటు చికిత్స ఇందులో ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో దీని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. పెద్ద ఆస్పత్రులలో ఆరోగ్యమిత్రను అడిగితే వివరాలు చెబుతారు. 104కు ఫోను చేసి కూడా అడగవచ్చు.

మాట్లాడుకోండి

1. రెండు రోజులు గోలీలు వేసుకుంటే వాంతులు తగ్గాయని పెద్దక్క అనుకుంది. అది ఎందుకు నిజం కాకపోవచ్చు?
2. పెద్దక్క తన బాధను డాక్టరుకు ఎందుకు చెప్పలేదు? మీరు ఎప్పుడైనా అలా చేశారా?
3. "గ్యారంటీ" అని రాసిన మందు కాగితం మీ ఇంటికి వస్తే ఏం చేస్తారు?

ఖాళీలు నింపండి

1. కీమో రోజులలో థర్మామీటరు ______ చూపిస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలి.
2. అంబులెన్సు కోసం ______ కు ఫోను చేయాలి.
3. వేసుకునే మందులన్నీ క్యాన్సర్ ______ కు చూపించాలి.

రాయండి

మీ ఇంట్లో ఎవరైనా మందులు వాడుతున్నారా? ఒక కాగితం తీసుకోండి. మందు పేరు, వేసుకునే వేళ, మళ్ళీ ఆస్పత్రికి పోవలసిన తేదీ రాయండి. ఆ కాగితాన్ని అందరికీ కనిపించే చోట గోడకు అంటించండి.